తలలో క్లిప్ ఉన్నవాళ్లకు ఏళ్ల తర్వాత పరీక్ష: ఎంఆర్ యాంజియోనా, సీటీ యాంజియోనా?

మెదడు రక్తనాళంలో ఉబ్బుకు (అన్యూరిజం) ఆపరేషన్ చేసి, దాని మెడను (నాళం నుంచి ఉబ్బు మొదలయ్యే చోటు) నొక్కిపట్టే లోహపు క్లిప్ పెట్టాక ఇంక ఆ బెడద లేదనుకుంటాం. ఆ ఉబ్బు మటుకు అణగవచ్చు. నాళం గోడ బలహీనత ఆ ఒక్కచోటే ఉండదు కదా, ఏళ్లు గడిచాక మరోచోట కొత్తది పుట్టవచ్చు. పొగ తాగేవాళ్లకు, బీపీ అదుపులో లేనివాళ్లకు, మొదట్లోనే రెండు మూడు ఉబ్బులు బయటపడ్డవాళ్లకు ఆ భయం ఎక్కువ. ఒడిశాలోని మా పర్లాకిమిడి, గుణుపురం వైపు అడ్డపొగ (నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని) తాగే ముసలమ్మలు చుట్టను పొగ కింద లెక్కేయరు. నాళాలు లెక్కేస్తాయి.

ఎంఆర్ యాంజియోకు (అయస్కాంతంతో రక్తనాళాల బొమ్మ తీసే స్కాన్) రేడియేషన్ లేదు, చాలావరకు డై (నాళాలు స్పష్టంగా కనబడేందుకు ఎక్కించే మందు) కూడా అక్కర్లేదు. కాబట్టి మళ్లీ మళ్లీ తీయించుకోవచ్చు. చిక్కల్లా క్లిప్‌తోనే. దాని చుట్టూ నల్లటి మరక పడి, పాత ఉబ్బు మెడ దగ్గర ఏముందో కనబడదు. పాతకాలపు స్టీలు క్లిప్పయితే అయస్కాంతానికి కదిలి ప్రాణం మీదికి తెస్తుంది. టైటానియం అయితే ఆ భయం లేదు. ఏ క్లిప్పో రాసిన ఆపరేషన్ కాగితం దొరకకపోతే ఎంఆర్ గది గడప తొక్కొద్దు.

సీటీ యాంజియో (అదే బొమ్మను ఎక్స్‌రేలతో తీసే స్కాన్) నిమిషాల్లో అయిపోతుంది, క్లిప్ పెట్టిన ఉబ్బు మెడ దగ్గర ఎంఆర్ కంటే బాగా చూపిస్తుంది. కానీ రేడియేషన్ ఉంది, అయోడిన్ డై ఎక్కించాలి. కిడ్నీ జబ్బులు ఎక్కువైన ఉద్దానంలో చుట్టాలున్న ఇళ్లలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) గురించి చెప్పక్కర్లేదు. కిడ్నీలు బలహీనంగా ఉంటే డై చేటు చేయవచ్చు గనుక అది చూడకుండా డైకి ఒప్పుకోకూడదు.

నా మొగ్గు: టైటానియమని కాగితం ఉంటే, కొత్త ఉబ్బుల కోసం ఎంఆర్. కాగితం లేకున్నా, పాతచోటే అనుమానమున్నా సీటీ. క్లిప్ బదులు కాయిల్ (ఉబ్బు లోపల నింపే సన్నని లోహపు తీగచుట్ట) పెట్టించుకున్నవాళ్లకు ఎంఆరే నయం. గజ్జలోంచో మణికట్టులోంచో రక్తనాళంలోకి సన్న గొట్టం పంపి, డై ఎక్కించి ఎక్స్‌రే తీసే డీఎస్‌ఏ పరీక్ష అన్నింటికంటే స్పష్టం. అయితే కొద్దిపాటి పక్షవాతం ముప్పు ఉంది గనుక మొదటి రెండూ తేల్చనప్పుడో, మళ్లీ వైద్యం తలపెట్టినప్పుడో చాలు.

పరీక్షకు బరంపురమా, విశాఖా అంటే, పాత స్కాన్ల సీడీ ఎక్కడుంటే అక్కడికే. పక్కన పెట్టి చూస్తేనే ఇది కొత్తదా, అప్పుడే ఉండి కంటబడనిదా తెలుస్తుంది. ఖర్చు సంగతి ముందే అడగండి. తెలుగువాళ్లమైనా ఒడిశా రేషన్ కార్డుకు ఆంధ్రా ఆరోగ్య పథకం వర్తించదు.

ఎన్నడూ లేనంత తలనొప్పి పిడుగులా వస్తే మాత్రం ఈ బేరీజులేవీ వద్దు. దగ్గర్లో సీటీ ఉన్న ఆసుపత్రికి అప్పటికప్పుడే వెళ్లాలి.