రెడ్ వింగ్ ఐరన్ రేంజర్: ఎనిమిదేళ్లు, రెండు సోళ్లు

రెడ్ వింగ్ కంపెనీ వాళ్ల ఐరన్ రేంజర్ అనే తోలు బూట్ల గురించి, అర సైజు తగ్గించి తీసుకోవాలా, ఒక సైజు తగ్గించాలా, ముందు భాగంలో ఇనుము ఉంటుందా (ఉండదు, రెండు పొరల తోలే), ఇలాంటివి అందరూ చెప్పేశారు. వాటి జోలికి పోను. నేను రాయాలనుకున్నది వెల్ట్ గురించి. బూటు పైతోలుకీ సోల్‌కీ మధ్య అంచు చుట్టూ కనిపించే సన్నటి తోలు పట్టీ అది. దాని మీద తెల్ల దారం కుట్టు ఉంటుంది. మొదటి నాలుగేళ్లూ అది అందానికి పెట్టారనుకున్నాను.

అమెరికాలో, మినెసోటా రాష్ట్రంలోని మినియాపొలిస్‌లో ఉద్యోగానికి చేరిన రెండో ఏడు, ఒక శనివారం పనేమీ లేక రెడ్ వింగ్ ఊరికి వెళ్లాం. మిసిసిపీ ఒడ్డున చిన్న ఊరు, మాకు గంట దారి. ఆ ఊళ్లో చెప్పుల వ్యాపారం చేసుకుంటున్న చార్లెస్ బెక్‌మన్ 14 మంది పెట్టుబడిదారులను కూడగట్టుకుని 1905లో ఈ కంపెనీ పెట్టాడు. తోలు పదును చేసే ఎస్.బి. ఫుట్ కార్ఖానా అంతకంటే పాతది, 1872 నాటిది, అదీ ఆ ఊళ్లోనే. 1980ల్లో దాన్ని కూడా బూట్ల కంపెనీయే కొనేసింది. అంటే నా కాలికున్న తోలు, పదునయ్యింది ఆ ఊళ్లో, కుట్టబడిందీ ఆ ఊళ్లోనే. షాపులో నూరేళ్ల పండగకి చేసిన రాక్షస బూటు ఒకటి ఉంది, సైజు 638½. మా ఆవిడ దాని పక్కన నన్ను నిలబెట్టి ఫొటో తీసింది. ఆ ఊపులోనే ఒక జత కొనేశాను. ఫొటో తీయకపోయుంటే కొనేవాణ్ణి కాదేమో.

ఐరన్ రేంజర్ అన్న పేరు ఉత్తర మినెసోటాలోని ఇనుప గనుల ప్రాంతం నుంచి వచ్చింది. గనివాళ్ల బూట్ల తరహా. నేనేమో కుర్చీలో కూర్చుని కీబోర్డు కొట్టేవాణ్ణి. మొదటి నెల మడమలు ఒలిచిపోయాయి, రెండు జతల సాక్సులు వేసుకుని తిరిగాను. మందపాటి తోలు ఏ కంపెనీదైనా అంతే. గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికొచ్చే అలవాటున్న ఇంటికి లేసుల బూట్లు ఎలాగూ శిక్షే, కాకపోతే పైన కొక్కేలు ఉండటంతో లేసు టకటకా విప్పుకోవచ్చు.

పక్కల్లో మూడు వరుసల కుట్టు ఉంటుంది చూడండి, అది ప్యూరిటన్ అనే పాత కుట్టు మిషన్ పని. ఆ మిషన్లు ఇప్పుడు ఎవరూ తయారు చేయరు, ఉన్నవాటినే బాగు చేసుకుంటూ నడుపుతున్నారు. దారం ద్రవ రబ్బరు పాలలో తడిసి తోలులోకి దిగుతుంది కాబట్టి సూది చేసిన బెజ్జం దానంతటదే మూసుకుపోతుంది. ఎనిమిదేళ్లలో ఆ మూడు వరుసల్లో ఒక్క పోగు కూడా ఊడలేదు.

ఇక అసలు కథ. నాలుగో ఏడాది చివరికి సోల్ అరిగి, బొటనవేలి కింద బాగా పల్చబడింది. కంపెనీయే సోల్ మార్చి పంపే ఏర్పాటు రెడ్ వింగ్‌లో ఉంది. తెలుసు. కానీ కొన్ని వారాలు ఎవరు ఆగుతారని, దగ్గర్లో బూట్లు బాగు చేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాను. "మొత్తం మార్చడం దేనికి, పైన రబ్బరు ముక్క అతికిస్తాను, రేపు వచ్చి తీసుకెళ్లండి" అన్నాడు. మర్నాడు చూస్తే నున్నగా, కొత్తగా మెరుస్తున్నాయి. అంచులు కూడా సమానంగా అరగదీశాడు. భలే చేశాడే అనుకున్నాను. అంచుతో పాటు వెల్ట్ మీద కుట్టు కూడా అరిగిపోయిందని నాకేం తెలుసు?

మూడు వారాలకి మంచు కరగడం మొదలైంది. పార్కింగ్ స్థలంలో బురద నీళ్లు దాటుతుంటే ఎడమ బూటు నోరు తెరిచింది. అతికించిన ముక్క ఊడిందనుకుంటే నయమే, అసలు సోలే వెల్ట్ నుంచి విడిపోయింది. అడుగు వేసినప్పుడల్లా కప్పలా నోరు తెరవడం, మూయడం. చల్లటి నీళ్లు సాక్సులోకి. ఆ రోజు ఆఫీసులో మూడు గంటలు బల్ల కింద ఒట్టి కాళ్లతో కూర్చున్నాను. మీటింగ్ అనగానే ఒకటే టెన్షన్.

ఈసారి వేరే ఆయన దగ్గరికి వెళ్లాను. పెద్దాయన. అటూ ఇటూ తిప్పి చూసి, ఒక్క మాటా అనకుండా పట్టకారుతో సోల్ పట్టుకుని లాగాడు. వద్దనే లోపే వచ్చేసింది. లోపల గోధుమ రంగు పొడి. కార్క్ నింపుతారట, నాలుగేళ్లు నా బరువుకి నలిగి అలా అయింది. అప్పుడు చూపించాడు అసలు సంగతి. బూటుకి కుట్లు రెండు. మొదటిది లోపల, కంటికి కనబడదు. పైతోలునీ, వెల్ట్‌నీ, పాదం ఆనే లోపలి తోలు పలకకి కింద ఉండే గట్టునీ కలిపి కుట్టేస్తుంది. రెండోది బయట, వెల్ట్‌కి సోల్‌ని కుడుతుంది. సోల్ అరిగితే బయటి కుట్టు కోసి కొత్తది వేసుకోవడమే, పైన బూటుకి తెలియను కూడా తెలియదు. ఈ కుట్టు కుట్టే మిషన్ని 1870ల నాటికి వాడకంలోకి తెచ్చినవాడు చార్లెస్ గుడ్‌ఇయర్ జూనియర్, రబ్బరుని వేడితో గట్టిపరచడం కనిపెట్టిన గుడ్‌ఇయర్ కొడుకు. టైర్ల కంపెనీ వాళ్లది కాదు, తండ్రి మీద గౌరవంతో తర్వాత వేరేవాళ్లు ఆ పేరు పెట్టుకున్నారు. అంతకుముందు ఇదంతా చేతి పనే.

నా బూటుకి మళ్లీ చేతి పనే దిక్కయింది. అరగదీసిన వెల్ట్ పనికిరాదని తీసేసి, కొత్త పట్టీ పెట్టి, వంపు ఉన్న ఆరెతో పాత బెజ్జాల్లోంచే మైనం పట్టించిన దారంతో కుట్టాడు. ఒక్కో కుట్టుకి దారం రెండు కొసలూ చెరోవైపు నుంచి దూర్చి, రెండు చేతులూ బార్లా చాపి బిగించడం. పది నిమిషాలు నిలబడి చూశాను, బూటు ముందు వంపు కూడా పూర్తి కాలేదు.

వారం తర్వాత తెచ్చుకుని లోపల చెయ్యి పెట్టి చూశాను. ఐదు వేళ్ల గుంతలూ అలాగే ఉన్నాయి. బొటనవేలిది లోతుగా, చిటికెన వేలిది ఉందా లేదా అన్నట్టు. సోల్ మారింది, వెల్ట్ మారింది, కార్క్ మారింది, కానీ పాదం ఆనే తోలు అదే. నాకు నిజంగానే గొంతు పట్టేసింది. చెప్పుల గురించి ఇలా రాస్తున్నందుకు నవ్వుకోండి, పర్లేదు.

ఆ సంతోషంలో "సోల్ మారిస్తే పాత బూటే తిరిగొస్తుంది" అని కనిపించిన వాళ్లందరికీ చెప్పాను. అది ముప్పాతిక నిజం. పైన గుంత ఉన్నా కింద కార్క్ కొత్తది, నిండుగా ఉంటుంది, పాదం సర్దుకోవడానికి మూడు వారాలు పట్టింది. తోలు కూడా పాతదే కదా, ఎడమ బూటు ముక్కు మీద, మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు తెల్లగీత మిగిలింది. వెనిగర్ నీళ్లతో తుడిస్తే చాలావరకు పోయింది, పూర్తిగా పోలేదు. తడిసిన ఆ రోజు ఆత్రంగా హీటర్ పక్కన ఆరబెట్టాను, వేళ్ల దగ్గర మడతలో సన్నటి పగులు వచ్చింది. అది నా తెలివితక్కువతనం.

కొనమంటారా అంటే, నేను వారానికి మూడు రోజులే వేస్తాను, నడక తక్కువ, గడ్డకట్టిన మంచు మీదికి వేరే బూట్లున్నాయి. రోజంతా కాంక్రీటు మీద నిలబడేవాళ్ల సంగతి నేను చెప్పలేను. వెల్ట్ తెలిసినవాళ్లు మీకు దగ్గర్లో లేకపోతే, పోస్టులో పంపే ఓపిక కూడా లేకపోతే, ఈ కుట్టు ఉండీ మీకు పెద్దగా కలిసొచ్చేదేమీ లేదు. మా తమ్ముడు అడిగితే కొనుక్కోమన్నాను. మా బావగారికి మాత్రం చెప్పలేదు, ఆయన ఏ వస్తువునీ రెండేళ్లకి మించి ఉంచుకోరు.

ఈ రెండో సోల్‌కి కుడి మడమ బయటి అంచు ఒరిగి అరుగుతోంది. ఈసారి పెట్టెలో పెట్టి నేరుగా రెడ్ వింగ్‌కే పంపుతున్నాను. మంచు పడేలోగా తిరిగొస్తే చాలు.