కరెంటు నిలకడ లేని ఊళ్లో ఎలక్ట్రిక్ కారు: ఇంటి ఛార్జింగ్ అనుభవం

మాది భీమవరం దగ్గర ఒక పల్లెటూరు. 2024 మొదట్లో టాటా వాళ్ల ఎలక్ట్రిక్ కారు నెక్సాన్ ఈవీ లాంగ్ రేంజ్ తీసుకున్నాం, 40.5 యూనిట్లు పట్టే బ్యాటరీ ఉన్నది. అప్పటి నుంచి ఛార్జింగ్ దాదాపు అంతా ఇంట్లోనే. కొనేముందు చుట్టాలూ పక్కాలూ అందరూ అడిగింది ఒకటే, "కరెంటు పోతే ఏం చేస్తావు?" అని. ఇన్నాళ్లు వాడాక నాకు అర్థమైంది ఏమిటంటే, కరెంటు పోవడం వల్ల పెద్ద ఇబ్బంది లేదు. ఉన్న కరెంటు సరిగ్గా లేకపోతేనే అసలు ఇబ్బంది.

కరెంటు పోతే ఛార్జింగ్ ఆగుతుంది, వచ్చాక దానంతటదే మళ్లీ మొదలవుతుంది. మధ్యలో ఆగినందుకు బ్యాటరీకి ఏమీ కాదు. రోజుకు యాభై, అరవై కిలోమీటర్లు తిరిగేవాళ్లకు నాలుగు గంటల మంచి కరెంటు దొరికితే చాలు. ఒక రోజంతా లేకపోయినా టెన్షన్ పడక్కర్లేదు, బ్యాటరీలో రెండు మూడు రోజులకు సరిపడా ఉంటుంది.

వోల్టేజ్ సంగతి వేరు. మా ఊరి చుట్టూ రొయ్యల చెరువులు. నీళ్లలో ఆక్సిజన్ రాత్రిపూటే పడిపోతుంది కాబట్టి అర్ధరాత్రి దాటిన దగ్గర్నుంచి తెల్లవారేదాకా నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరేటర్లన్నీ తిరుగుతూనే ఉంటాయి. రాత్రి అందరూ పడుకున్నాక కరెంటు బాగుంటుందని పట్నం వాళ్లు రాసే సలహా మా దగ్గర పనికిరాదు. 230 ఉండాల్సిన వోల్టేజ్ సరిగ్గా ఆ వేళకే 170కి దిగుతుంది. కారుతో వచ్చే 15 ఆంప్స్ పోర్టబుల్ ఛార్జర్ 230 దగ్గర దాదాపు మూడున్నర కిలోవాట్లు లాగితే, 180 దగ్గర 2.7 మాత్రమే లాగుతుంది. ఇంకా తగ్గితే ఎర్రలైటు వేసి ఆగిపోతుంది. అందుకే నేను రాత్రి ఛార్జింగ్ పూర్తిగా మానేశాను. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వస్తే ప్లగ్ పెట్టేస్తాను, మళ్లీ సాయంత్రం పెడతాను. ఎనభై శాతమా, తొంభై శాతమా అని చూసుకోను, దొరికినప్పుడల్లా ఎక్కిస్తాను. నెలకోసారి మాత్రం వీలు చూసుకుని వంద శాతం దాకా నింపుతాను. మా కారులో ఉన్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం, అంటే ఎల్ఎఫ్‌పీ బ్యాటరీలో శాతం లెక్క సరిగ్గా చూపించాలంటే అది అవసరం.

ఇక ఎర్తింగ్. ఎర్త్ సరిగ్గా లేకపోతే ఈ ఛార్జర్ పనే మొదలుపెట్టదు. చాలా పాత ఇళ్లలో మూడో పిన్ను ఉంటుంది గానీ దాని వెనక వైరు ఎక్కడికీ వెళ్లదు. మా ఎలక్ట్రీషియన్ కారు రాకముందే గుంట తవ్వించి, జీఐ పైపు దింపి, బొగ్గూ ఉప్పూ వేసి కొత్త ఎర్త్ చేశాడు. తర్వాత న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య మీటర్ పెట్టి, రెండు మూడు వోల్టులకు మించి లేదని చూపించాకే సరేనన్నాడు. మాది డెల్టా నేల, తడి ఉంటుంది. అయినా ఎండాకాలంలో ఆ గుంటలో బిందెడు నీళ్లు పోస్తూ ఉంటాం. రాయి నేలల్లో ఉన్నవాళ్లు దీని మీద ఇంకా శ్రద్ధ పెట్టాలి.

మీటర్ బోర్డు నుంచి కారు కోసం విడిగా 4 ఎంఎం రాగి వైరు, దానికో ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్చు), కరెంటు లీకైతే ఆపే ఆర్‌సీసీబీ, ఇంట్లో వాడే మామూలు సాకెట్ బదులు నీలం రంగు ఇండస్ట్రియల్ సాకెట్ వేయించాం. ఛార్జింగ్ పెట్టిన అరగంటకు ప్లగ్ మీద చెయ్యి వేసి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చెయ్యి పెట్టలేనంతగా కాలుతుంటే లోపల ఎక్కడో లూజు ఉన్నట్టే, వెంటనే ఆపేయాలి.

నా ఉద్దేశంలో అన్నిటికంటే విలువైన ఖర్చు ఓవర్, అండర్ వోల్టేజ్ ప్రొటెక్టర్. చిన్న పరికరం, ఎంసీబీ పక్కనే కూర్చుంటుంది, వోల్టేజ్ మరీ పెరిగినా తగ్గినా సప్లై ఆపేస్తుంది. త్రీ ఫేజ్ లైన్లో న్యూట్రల్ తెగితే ఇంట్లోకి 300 దాటి కూడా రావచ్చు, టీవీలూ ఫ్రిజ్‌లూ కాలిపోయేది అలాంటప్పుడే. కరెంటు వచ్చిన మొదటి నిమిషాల్లో వోల్టేజ్ ఎగిరిపడుతుంది కాబట్టి, మూడు నిమిషాలు ఆగాకే సప్లై ఇచ్చేలా దాన్ని సెట్ చేశాం.

స్టెబిలైజర్ పెట్టమని చాలామంది చెప్పారు. అది వోల్టేజ్ పెంచుతుంది గానీ, ఆ మేరకు లైన్ నుంచి ఎక్కువ ఆంప్స్ లాగుతుంది. సన్నటి సర్వీసు వైరు మీద అది ఇంకా భారం, వద్దన్నాను. 7.2 కిలోవాట్ల వాల్ ఛార్జర్ కూడా మా లైన్ మోయలేదు. ఇన్వర్టర్ మాట ఎత్తేవాళ్లకు ఒక లెక్క: 150 ఏహెచ్ బ్యాటరీలో ఉండేది 1.8 యూనిట్లు, దాంతో కారు పది కిలోమీటర్లు వెళ్తే గొప్ప. ఆన్‌గ్రిడ్ (కరెంటు లైన్‌కు కలిపి పెట్టే) సోలార్ బిల్లు తగ్గిస్తుంది, కానీ లైన్లో కరెంటు పోతే అదీ ఆగిపోతుంది.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. హెచ్చరిక రాగానే కారు పూర్తిగా ఛార్జ్ చేసి, ప్లగ్ తీసేసి, చెట్లకు దూరంగా పెట్టాం. కరెంటు పోయాక వీటూఎల్ (కారు బ్యాటరీ నుంచి బయటి వస్తువులకు కరెంటిచ్చే) అడాప్టర్‌తో కారు నుంచే ఫ్రిజ్, ఫ్యాన్లు, ఫోన్లు నడిపాం. రాత్రంతా వాడితే పది, పన్నెండు శాతం తగ్గింది. మా అమ్మ ఇన్సులిన్ ఫ్రిజ్‌లో చల్లగా ఉంది, ఆ ఒక్కదానికే ఈ కారుకు రుణపడి ఉన్నాను. నీళ్ల మోటారు స్టార్టయ్యేటప్పుడు చాలా ఎక్కువ లాగుతుంది కాబట్టి దానికి తగిలించలేదు. ఒక్కటి గుర్తుంచుకోండి: ఆ కరెంటు ఎక్స్‌టెన్షన్ బోర్డు ద్వారానే వాడాలి. ఇంటి వైరింగ్‌లోకి ఎక్కిస్తే అది స్తంభం దాకా వెళ్లి, లైన్ బాగుచేస్తున్న మనిషి ప్రాణం తీస్తుంది.

ఖర్చు చూస్తే వంద కిలోమీటర్లకు గోడ సాకెట్ దగ్గర పదిహేను యూనిట్లు అవుతుంది. 400 యూనిట్లు దాటిన శ్లాబులో, యూనిట్ 9.75 చొప్పున వేసుకున్నా నూట యాభై లోపే.

మాలాంటి ఊళ్లో కొనాలనుకునేవాళ్లు బుకింగ్‌కి ముందే ఒక వారం పాటు ఇంట్లో రోజుకు నాలుగైదు సార్లు వోల్టేజ్ రాసిపెట్టుకోండి, రాత్రి రెండింటికి కూడా. రోజు మొత్తంలో నాలుగు గంటలైనా 200 పైన ఉంటే ధైర్యంగా తీసుకోవచ్చు. లేకపోతే ముందు ఆ కాగితం పట్టుకుని కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేసి, ట్రాన్స్‌ఫార్మర్ కెపాసిటీ పెంచమని సెక్షన్ ఆఫీసులో అర్జీ పెట్టండి. ఒక్కరు కాకుండా వీధిలో పదిమంది సంతకాలతో ఇస్తే పని త్వరగా అవుతుంది.