ఇంటి వద్దే చేసుకునే జన్యు పరీక్ష కిట్: నివేదిక మేలు, సమ్మతి పత్రం లోపం

లాలాజలం నమూనా పంపితే జన్యు నివేదిక ఇచ్చే ఒక సంస్థ సేవను ఇటీవల వాడి చూశాను. నమూనా తీయడం సులువుగానే ఉంది, నివేదిక భాష స్పష్టంగా ఉంది. నా అభ్యంతరమంతా సమ్మతి పత్రం మీదనే. అందులో హామీలు చాలా ఉన్నాయి గానీ, వాటికి ఏ దేశపు చట్టం అండగా నిలుస్తుందో ఒక్క వాక్యమైనా లేదు.

చట్టాన్ని బట్టి ఈ కిట్ అర్థమే మారిపోతుంది కాబట్టి ఇది చిన్న లోపం కాదు. ఫ్రాన్స్‌లో వైద్య, న్యాయ, పరిశోధన అవసరాలకు తప్ప ఇటువంటి పరీక్ష చేయించుకోవడమే నేరం. జరిమానా 3,750 యూరోల దాకా ఉంటుంది. అమెరికాలో కొనుక్కోవచ్చు. అయితే అక్కడి 2008 నాటి చట్టం ఆరోగ్య బీమా, ఉద్యోగాల విషయంలోనే జన్యు వివక్షను నిషేధిస్తుంది, జీవిత బీమా దాని పరిధిలోకి రాదు. కెనడా 2017లో ఏ ఒప్పందానికైనా జన్యు పరీక్షను షరతుగా పెట్టడాన్ని నేరం చేసింది, ఆ చట్టాన్ని 2020లో సుప్రీంకోర్టు సమర్థించింది.

నాకు అన్నిటికన్నా సమంజసంగా తోచేది జర్మనీ పద్ధతి. 2010 నుంచి అమలులో ఉన్న అక్కడి చట్టం ప్రకారం వైద్యపరమైన జన్యు పరీక్ష వైద్యుల ద్వారానే జరగాలి, రాబోయే జబ్బును సూచించే పరీక్షకైతే ముందూ తర్వాతా కౌన్సెలింగ్ ఉండాలి, ఫలితం తెలుసుకోకుండా ఉండే హక్కు కూడా ఉంటుంది. దీని అవసరం రొమ్ము క్యాన్సర్ ఫలితం దగ్గర బాగా తెలుస్తుంది. అమెరికాలో 2018లో నేరుగా ప్రజలకు అమ్మేందుకు అనుమతి పొందిన తొలి బీఆర్‌సీఏ (రొమ్ము క్యాన్సర్ ముప్పుతో ముడిపడిన జన్యువులు) పరీక్ష, ఆ జన్యువులలో వెయ్యికి పైగా తెలిసిన మార్పులలో మూడింటినే చూసేది. అలాంటి పరీక్షలో ‘కనబడలేదు’ అన్న మాటను ‘ప్రమాదం లేదు’ అని చదువుకునే మనిషిని ఆపడానికి ఎదురుగా ఒకరుండాలి. నేను వాడిన సేవలో ఆ హెచ్చరిక నివేదిక అడుగున చిన్న అక్షరాలలో ఉంది.

సమాచారం తొలగించే వీలుంది, అది మెచ్చదగినదే. కానీ సంస్థే చేతులు మారితే ఏమవుతుందో చెప్పలేదు. 2025 మార్చిలో ట్వంటీత్రీ అండ్ మీ అనే అమెరికా జన్యు పరీక్షల సంస్థ దివాలా రక్షణ కోరడానికి కొద్ది రోజుల ముందు, తమ సమాచారాన్ని చెరిపించుకునే హక్కును వాడుకోవాలని కాలిఫోర్నియా అటార్నీ జనరల్ అక్కడి ప్రజలకు గుర్తుచేయవలసి వచ్చింది. ఈ సమాచారంలో మన తోబుట్టువుల వివరాలూ కలిసే ఉంటాయి, వారి సమ్మతిని ఎవరూ అడగలేదు.

వంశమూలాల ఆసక్తితో అయితే ఈ సేవను తీసుకోవచ్చు. కుటుంబంలో క్యాన్సర్ ఉన్నవారు మాత్రం నేరుగా జన్యు వైద్య నిపుణుల దగ్గరకే వెళ్లాలి. జీవిత బీమా తీసుకోబోయేవారు తమ దేశపు చట్టం చూసుకున్న తర్వాతే నమూనా పంపాలి.