ఉత్తరుడా, నెవిల్లా, సారా కానరా: ఎవరి ధైర్యం నమ్మదగింది?

పిరికివాడు వీరుడయ్యే కథలంటే నాకు ప్రాణం. కానీ ఆ మార్పును నమ్మించడం కష్టం. నిన్న పారిపోయినవాడు ఇవాళ నిలబడ్డాడంటే, మధ్యలో ఏం జరిగిందో కథ చూపించాలి. ఈ లెక్కన మూడు పాత్రలను పక్కపక్కన పెట్టి చూశాను.

1984 నాటి ‘టెర్మినేటర్’ సినిమాలో సారా కానర్ లాస్ ఏంజెలెస్‌లో హోటల్లో వడ్డించే అమ్మాయి. తనను చంపడానికి భవిష్యత్తు నుంచి యంత్రం వచ్చిందంటే ఆమెకు మొదట నమ్మకమే కుదరదు. 1991లో వచ్చిన రెండో భాగానికి ఆమె కండలు తిరిగిన యోధురాలు. ఈ మార్పులో ఎక్కువ భాగం రెండు సినిమాల నడుమ, మనం చూడకుండానే జరిగిపోయింది. అదొక లోటు. అయినా ఆసుపత్రి లిఫ్టులోంచి ఆ పాత యంత్రపు ముఖమే మళ్లీ బయటికి రాగానే ఆమె నేలమీద పడి వెనక్కి పాకే దృశ్యం ఆ లోటును చాలావరకు పూడుస్తుంది. అంత రాటుదేలినా పాత భయం ఒంట్లోనే ఉంది.

‘హ్యారీ పోటర్’ నవలల్లో నెవిల్ లాంగ్‌బాటమ్‌కు ఆ లోటు లేదు. 1997 నాటి మొదటి పుస్తకంలో అతను పెంపుడు కప్పను పోగొట్టుకునే మతిమరుపు పిల్లవాడు. చీపురుకట్ట మీద ఎగరడం నేర్చుకోబోయి మణికట్టు విరగ్గొట్టుకుంటాడు. అదే పుస్తకం చివర, తప్పు చేయబోతున్న స్నేహితులకే అడ్డం నిలుస్తాడు. విత్తనం అక్కడే పడింది. తల్లిదండ్రులను హింసించి మతి పోగొట్టిన బెలాట్రిక్స్ అనే మంత్రగత్తె జైలు నుంచి పారిపోయిందని తెలిశాక, ఐదో పుస్తకంలో అతని సాధనలో పట్టుదల వస్తుంది. 2007 నాటి చివరి పుస్తకంలో కత్తి దూసి దుష్ట మాంత్రికుడి పాము తల నరికేసరికి మనకు ఆశ్చర్యం కన్నా తృప్తే ఎక్కువ. కథ అల్లికలో ఈ ముగ్గురిలో ఇతనిదే మొదటి స్థానం.

అయినా నా ఓటు ఉత్తరకుమారుడికే. మనం అతన్ని ప్రగల్భాలకు మారుపేరు చేసి అక్కడే వదిలేశాం. నిజమే, అంతఃపురంలో ఆడవాళ్ల ముందు బీరాలు పలికాడు. కౌరవ సేనను చూడగానే రథం దూకి పరుగెత్తాడు. బృహన్నల వెంటబడి పట్టుకుంటే, వదిలేయమని ధనమిస్తానన్నాడు. ఇంతకంటే దిగజారడానికి ఏముంది? కానీ జమ్మిచెట్టు మీది ఆయుధాలను దించింది అతనే. ఆ బృహన్నలే అర్జునుడని తెలిశాక రథం పగ్గాలు పట్టాడు. భీష్మ ద్రోణ కర్ణుల బాణాల మధ్యకు గుర్రాలను తోలాడు. నడుమ ఒళ్లు తూలి ఇక తనవల్ల కాదన్నాడు. అర్జునుడు ధైర్యం చెబితే మళ్లీ సాగాడు.

నన్ను కట్టిపడేసేది ఆ తర్వాతి ఘట్టం. విజయం నీదేనని మీ తండ్రికి చెప్పుకో అంటాడు అర్జునుడు. పొద్దున బీరాలు పలికిన నోటికి ఇంతకంటే మంచి అవకాశం రాదు. ఉత్తరుడు ఒప్పుకోడు, ఆ పని చేసే శక్తి తనకు లేదంటాడు. సభలో గెలిచింది తాను కాదని, ఒక దేవపుత్రుడని చెబుతాడు. తండ్రి పాచికతో కొట్టిన కంకుడి (మారువేషంలోని ధర్మరాజు) ముఖం మీద నెత్తురు చూసి, ముందు ఆయన్ను క్షమాపణ కోరమని రాజుకే చెబుతాడు. నెవిల్ ఎన్నడూ గొప్పలు చెప్పుకోలేదు గనుక అతనికి ఈ పరీక్ష ఎదురవలేదు. అందరి ముందూ డాంబికాన్ని వదులుకోవడం కత్తి పట్టడం కన్నా కష్టమని నా నమ్మకం.

ఒక్క రోజులో ఇంత మార్పా అని ఎవరైనా అడిగితే ఆ అభ్యంతరం సబబే. అభ్యాసం, ఎదుగుదల కావాలనుకునేవారికి నెవిల్ కథే సరిపోతుంది. కానీ ఉత్తరుడి మార్పు ఆ ఒక్క రోజుతో ఆవిరైపోలేదు. కురుక్షేత్రంలో మొదటి రోజునే అతను ఏనుగెక్కి శల్యుడి మీదికి వెళ్లాడు. ఆ ఏనుగు శల్యుడి రథాశ్వాలు నాలుగింటినీ చంపింది. శల్యుడు విసిరిన శక్తి తగిలి ఉత్తరుడు ప్రాణం విడిచాడు. ఈసారి పక్కన అర్జునుడు లేడు, పట్టుకుని వెనక్కి లాక్కొచ్చినవారూ లేరు. మన నానుడిలో ఈ ఉత్తరుడికి చోటు దక్కకపోవడం అన్యాయం.