ఇరవై రెండేళ్లు నా వెంట ఓడలెక్కిన సెక్స్టాంట్

2002లో, థర్డ్ మేట్‌గా, అంటే ఓడ అధికారుల్లో కింది మెట్టున, తొలి జీతాలు చేతికొచ్చిన కొత్తలో, గుజరాత్‌లోని అలంగ్ వెళ్లాను. ముక్కలు చేయడానికి తెచ్చిన ఓడల్లోంచి దించిన సామాను అక్కడ రోడ్డు పొడవునా అమ్ముతారు. కుర్చీలు, పింగాణీ కప్పులు, గోడ గడియారాలు, లైఫ్ జాకెట్లు, ఏది కావాలంటే అది. ఒక కొట్టులో పై అరలో చెక్కపెట్టె కనబడింది. మూత తీస్తే జపాన్‌లో చేసిన సెక్స్టాంట్. అద్దాలు మసకబారాయి, చట్రం మాత్రం నిక్షేపంగా ఉంది. నా నెల జీతంలో మూడో వంతు పెట్టి కొన్నాను. అప్పటినుంచి పోయినేడు వరకు ఎక్కిన ప్రతి ఓడకీ దాన్ని వెంట తీసుకెళ్లాను. ఎవరైనా కొనాలనుకుంటే ఇన్నేళ్ల అనుభవం పనికొస్తుందని రాస్తున్నాను.

దీన్ని ఎప్పుడూ చూడనివాళ్లకు కాస్త చెప్పాలి. సూర్యుడి, నక్షత్రాల ఎత్తు కొలిచి సముద్రం మీద ఓడ ఎక్కడుందో లెక్కకట్టే సాధనం ఇది. వృత్తంలో ఆరో భాగమంత లోహపు వంపు, దాని మీద జరిగే ఒక చెయ్యి, రెండు అద్దాలు, చిన్న దుర్భిణి. ఒక అద్దంలోంచి నీటి అంచు కనిపిస్తుంది. రెండోదాన్ని తిప్పుతూ సూర్యుణ్ణి ఆకాశంలోంచి కిందికి దించి, నీటి అంచు మీద సరిగ్గా ఆనేలా చేస్తాం. అప్పుడు వంపు మీద, చెయ్యి చివర తిప్పే అంకెల డ్రమ్ము మీద కనిపించే కోణమే సూర్యుడి ఎత్తు. ఒక డిగ్రీలో అరవయ్యో వంతు తప్పితే భూమ్మీద ఒక నాటికల్ మైలు, అంటే 1852 మీటర్లు తప్పినట్టు. నా డ్రమ్ము ఆ అరవయ్యో వంతులో పదో వంతు దాకా చూపిస్తుంది. జాన్ హాడ్లీ 1731లో చూపించిన రెండద్దాల పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. సాధనం మీద నాకు గౌరవం పెరగడానికి మొదటి కారణం అదే.

మొదటి ఏడాది నా లెక్కలు పన్నెండు, పదిహేను మైళ్లు తప్పేవి. తప్పు సాధనంలో లేదు, నా మణికట్టులో ఉంది. సెక్స్టాంట్‌ని నిటారుగా పట్టుకున్నామనుకుంటాం గానీ అది ఎటో ఒకవైపు ఒరిగే ఉంటుంది. అందుకే దాన్ని అటూ ఇటూ మెల్లగా ఊపాలి. సూర్యుడు ఊయల ఊగినట్టు వంపుగా కదులుతాడు. ఆ ఊయల అట్టడుగుకి వచ్చినప్పుడు నీటిని తాకాలి. ఇది ఏ పుస్తకంలోనైనా ఉంటుంది, కానీ చేయి తిరగడానికి నాకు రెండేళ్లు పట్టింది. తర్వాత మంచి వాతావరణంలో రెండు మైళ్ల లోపు తప్పుతో చెప్పగలిగేవాణ్ణి. ఇప్పటికీ అంతే.

చేయి తిరిగాకే నాకు బ్రిటిష్ ఓడ బౌంటీ కెప్టెన్ విలియమ్ బ్లై సంగతి నిజంగా అర్థమైంది. బౌంటీ తిరుగుబాటు కథ చిన్నప్పటినుంచీ తెలుసు. 1789 ఏప్రిల్ 28న, టోంగా దీవుల్లో టోఫువా దగ్గర, ఫ్లెచర్ క్రిస్టియన్ తన కెప్టెన్‌ని నిద్రలోంచి లేపి చేతులు కట్టించాడు. 23 అడుగుల పడవలో బ్లైతో కలిపి 19 మందిని దించేశారు. అంతమంది ఎక్కేసరికి నీటికీ పడవ అంచుకీ మధ్య జానెడు ఎత్తు కూడా మిగల్లేదు. కుర్రతనంలో చదివినప్పుడు నాకు అక్కడ కెప్టెన్ కోపం, నావికుల పగ మాత్రమే కనబడ్డాయి. ఇప్పుడు నా కళ్లు వేరే చోట ఆగుతాయి. వాళ్లకు ఇచ్చిన సామానులో ఒక క్వాడ్రంట్ (సూర్యుడి ఎత్తు కొలిచే పాతకాలపు సాధనం), ఒక దిక్సూచి ఉన్నాయి. సెక్స్టాంట్ ముట్టుకోవద్దన్నారు, మ్యాపులు ముట్టుకోవద్దన్నారు, ఓడలోని గడియారం అసలే ముట్టుకోవద్దన్నారు.

కెప్టెన్ కుక్ మూడో యాత్రలో బ్లై సెయిలింగ్ మాస్టర్‌గా పనిచేశాడు. ఆ శిక్షణ ఈ పడవలో బయటపడింది. మధ్యాహ్నం సూర్యుడు కనిపించినప్పుడల్లా క్వాడ్రంట్‌తో అక్షాంశం చూసుకున్నాడు. వేగం కొలవడానికి తాడు కట్టించి, సెకన్లు సమానంగా లెక్కపెట్టడం మనుషులకు నేర్పాడు. తిండి పంచడానికి కొబ్బరి చిప్పలతో త్రాసు చేశాడు. తూకం రాయిగా తుపాకీ గుండు పెట్టాడు. అలాంటివి ఇరవై అయిదు కలిస్తే ఒక పౌండు బరువు. పూటకి ఒక గుండు బరువున్న రొట్టె, అంటే సుమారు 18 గ్రాములు. టోఫువాలో దిగినప్పుడు జాన్ నార్టన్ అనే నావికుణ్ణి అక్కడివాళ్లు చంపేశారు. మిగతా 18 మంది జూన్ 14న తిమోర్‌లోని కుపాంగ్ చేరారు. బ్లై లెక్క ప్రకారం అది 3,618 నాటికల్ మైళ్ల ప్రయాణం.

నేను పెద్ద ఓడల మీద, నీటికి ఇరవై మీటర్ల ఎత్తున నిలబడి, కడుపునిండా తిని సూర్యుణ్ణి చూసేవాణ్ణి. పడవలో కూర్చుంటే నీటి అంచు మూడు నాలుగు మైళ్ల దూరం కూడా ఉండదు. ముందున్న కెరటాన్నే అంచు అనుకునే ప్రమాదం ఉంది. ఒకసారి ఎర్ర సముద్రంలో లంగరు వేసి ఉన్నప్పుడు, కెప్టెన్ అనుమతితో లైఫ్ బోట్ డ్రిల్లులో సెక్స్టాంట్ పట్టుకుని దిగాను. కెరటాలు పెద్దగా లేవు. అయినా ఆరుసార్లు చూస్తే ఆరూ ఆరు రకాలుగా వచ్చాయి. సగటు తీస్తే అయిదు మైళ్ల తప్పు. బ్లై మంచివాడా చెడ్డవాడా అని ఇప్పటికీ వాదించుకుంటారు. నోటి దురుసు మనిషేనని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ వారాల్లో అతను చేసిన పనిని ఒక్కసారైనా పడవలో కూర్చుని చూసినవాళ్లు తేలిగ్గా మాట్లాడలేరు.

ఇక గడియారం సంగతి. ఈ సాధనాన్ని సమీక్షిస్తూ గడియారం గురించి మాట్లాడకపోతే సగం సమీక్షే అవుతుంది. సెక్స్టాంట్ ఒక్కటే ఉంటే అక్షాంశం వస్తుంది. రేఖాంశానికి సరైన టైము కావాలి. నాలుగు సెకన్లు తప్పితే భూమధ్యరేఖ దగ్గర ఒక మైలు తప్పినట్టే. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక కాడెట్ నా దగ్గర నేర్చుకుంటూ, "జీపీఎస్ ఉంది కదా సార్, ఇంకా ఇదెందుకు?" అని అడిగాడు. జవాబు చెప్పకుండా స్క్రీన్ మీద కాగితం అంటించి, నువ్వే లెక్క వెయ్యి అన్నాను. కోణం చక్కగా తీశాడు. వాచీ మాత్రం ఒక నిమిషం తప్పుగా పెట్టుకున్నాడు. లెక్కలో ఓడ పదిహేను మైళ్లు పక్కకి పోయింది. ఆ సాయంత్రం వాడికి పసిఫిక్ సముద్రంలోని పిట్‌కెయిర్న్ దీవి కథ చెప్పాను.

1767లో ఫిలిప్ కార్టరెట్ ఓడ మీద నుంచి ఆ దీవిని మొదట చూసిన కుర్ర నావికుడి పేరే దానికి పెట్టారు. కార్టరెట్ దగ్గర క్రోనోమీటర్, అంటే ఓడల్లో వాడే కచ్చితమైన గడియారం, లేదు. అక్షాంశం బాగానే రాశాడు, రేఖాంశం మూడు డిగ్రీలకు పైగా తప్పింది. టైములో చెప్పాలంటే పన్నెండు నిమిషాల పైచిలుకు. దీవి మ్యాపులో ఒకచోట, సముద్రంలో మూడు వందల కిలోమీటర్ల అవతల ఇంకోచోట ఉండిపోయింది. క్రిస్టియన్ దాక్కోవడానికి వెతుక్కుంటూ వెళ్లింది అక్కడికే. అతని చేతిలో లార్కమ్ కెండాల్ చేసిన కె2 గడియారం ఉంది, బ్లైకి ముట్టనివ్వనిది. 1790 జనవరిలో దీవి దొరికింది, బౌంటీని అక్కడే తగలబెట్టారు. 1808లో అమెరికా ఓడ టోపాజ్ అటు వచ్చేదాకా వాళ్ల జాడ బయటివాళ్లకు తెలియదు. అప్పటికి తిరుగుబాటుదారుల్లో జాన్ ఆడమ్స్ ఒక్కడే బతికి ఉన్నాడు. ఆ గడియారం చేతులు మారి మారి ఇప్పుడు గ్రీనిచ్ మ్యూజియంలో ఉంది. కాడెట్ చాలాసేపు మాట్లాడలేదు. మర్నాటినుంచి డ్యూటీకి వచ్చే ముందు రేడియో టైముతో గడియారం కలుపుకోవడం నేను చెప్పకుండానే మొదలుపెట్టాడు.

సాధనంలో లోపాలూ చెప్పాలి. పిడిలో ఉండే చిన్న బల్బు, దాని బ్యాటరీ అరా ఉప్పుగాలికి నాలుగేళ్లు కూడా ఆగలేదు. బ్యాటరీ కారి రాగి రేకులు తినేసింది. తర్వాతంతా నోట్లో పెన్ టార్చి పెట్టుకుని చదివాను. అద్దాల అంచుల్లో వెండిపూత ఏడో ఏడుకి పొడలుగా లేచింది, సింగపూర్‌లో మార్పించాను. డ్రమ్ము కింది మరలో కొద్దిగా వదులు ఉంది. అందుకే కోణాన్ని ఎప్పుడూ ఒకేవైపు తిప్పుతూ పట్టాలి, వెనక్కి తిప్పి ఆపితే అర మైలు తేడా వస్తుంది. బరువు కిలోన్నర. ఒక్కసారి ఎత్తితే ఏమీ అనిపించదు, సంజవేళ ఏడు నక్షత్రాలు వరసగా పట్టాక భుజం చెబుతుంది. ఇక 2011లో ఓడ ఒక్క పెద్ద పొర్లు పొర్లితే మ్యాపుల బల్ల మీద పెట్టెలో పెట్టకుండా వదిలేసింది కింద పడింది. పెట్టకపోవడం నా తప్పే. సెక్స్టాంట్ చెయ్యి వంగిందేమోనని ప్రాణం పోయినంత పనైంది. పరీక్ష చేయిస్తే అదృష్టం కొద్దీ అద్దాల కోణాలే కదిలాయని తేలింది. వాడుతున్నవాళ్లకు ఒకటే మాట: చేతిలో లేనప్పుడు పెట్టెలో ఉండాలి.

ప్లాస్టిక్‌వి కూడా వాడి చూశాను. నేర్చుకోవడానికి బాగుంటాయి. ఎండలో అరగంట ఉంటే ఇండెక్స్ ఎర్రర్, అంటే సున్నా చూపించాల్సిన చోట సాధనం చూపే తప్పు, మారిపోతుంది.

దీని అసలు బలహీనత వేరే. ఆకాశం, నీటి అంచు రెండూ ఒకేసారి కనిపించాలి. వానాకాలపు అరేబియా సముద్రంలో వారం వారం ఏమీ దొరకదు. బంగాళాఖాతంలో ఒకసారి తుఫాను చుట్టు తిరిగి వస్తూ నాలుగు రోజులు పెట్టె మూత తీయలేదు. మాది కాకినాడ. మా పక్కనే ఉన్న కోరంగి రేవుని 1789 డిసెంబరులో, బ్లై తిమోర్ చేరిన ఆ ఏడాదే, తుఫాను కెరటాలు ముంచేశాయి. తర్వాత కలకత్తాలో కూర్చుని ఇలాంటి గాలివానల్ని లెక్కగట్టి సైక్లోన్ అనే మాట పెట్టిన హెన్రీ పిడింగ్టన్ ఆ కోరంగి సంగతీ రాశాడు. సరిగ్గా మనకు దిక్కు తెలియాల్సిన రోజునే సూర్యుడు కనబడడు. ఈ సాధనం కొనేవాళ్లు అది తెలిసి కొనాలి.

మరి కనబడీ కనబడని సూర్యుడితో ఏం చేయొచ్చో ఫ్రాంక్ వర్స్‌లీ చూపించాడు. అన్వేషకుడు షాకిల్టన్ యాత్రకు తీసుకెళ్లిన ఓడ ఎండ్యూరెన్స్‌కి వర్స్‌లీ కెప్టెన్. ఆ ఓడని అంటార్కిటిక్ మంచు నలిపేసి 1915 నవంబరు 21న ముంచింది. ఎలిఫెంట్ దీవిలో 22 మందిని వదిలి, 1916 ఏప్రిల్ 24న ఆరుగురు జేమ్స్ కెయిర్డ్ అనే పడవలో దక్షిణ జార్జియాకి బయల్దేరారు. దూరం దాదాపు 800 నాటికల్ మైళ్లు. దారిలో వర్స్‌లీకి సూర్యుడు దొరికింది నాలుగేసార్లు. పడవ కెరటం నెత్తికెక్కిన క్షణంలో, పక్కవాళ్లు నడుం పట్టుకుంటే, మబ్బు సందులో కోణం పట్టాడు. లెక్కల పుస్తకం తడిసి పేజీలు అంటుకుపోయాయి. దక్షిణ జార్జియా తప్పిపోతే ముందంతా ఖాళీ సముద్రం. మే 10న కింగ్ హాకన్ బే లో దిగారు. దీవిలో మిగిలిన 22 మందీ ఆగస్టు 30న ప్రాణాలతో బయటపడ్డారు.

2022 మార్చిలో ఎండ్యూరెన్స్ శిథిలం మూడు వేల మీటర్ల లోతున దొరికిందన్న కబురు విన్నప్పుడు నేను డ్యూటీలో ఉన్నాను. వర్స్‌లీ రాసిపెట్టిన చోటికి అది సుమారు నాలుగు నాటికల్ మైళ్ల దూరంలో ఉంది. కదిలే మంచు మీద నిలబడి తీసిన లెక్క అది. చంద్రుడి చాటుకి నక్షత్రాలు వెళ్లే క్షణాలు చూసి గడియారాల తప్పు సరిదిద్దుకుంటూ వేసిన లెక్క. నూట ఆరేళ్ల తర్వాత సముద్రగర్భంలోకి దిగిన యంత్రాలకు వెతకాల్సిన చోటు చెప్పింది. ఆ రాత్రి డ్యూటీ అయ్యాక పెట్టె తెరిచి, ఊరికే చట్రం తుడిచి మళ్లీ పెట్టాను.

ఇదంతా చదివి నేను కొత్త సాధనాలకు వ్యతిరేకిననుకోవద్దు. 1923 సెప్టెంబరు 8న కాలిఫోర్నియాలోని హోండా పాయింట్ దగ్గర ఏడు అమెరికన్ డిస్ట్రాయర్లు ఒకదాని వెనక ఒకటి రాళ్లకెక్కాయి. 23 మంది పోయారు. ఒడ్డు మీది రేడియో స్టేషను సరైన దిక్కు చెబుతున్నా, కొత్త విద్య కదా అని పక్కనపెట్టి పాత అంచనాని నమ్మారు. దీనికి అటువైపుది రాయల్ మెజెస్టీ అనే ప్రయాణికుల ఓడ కథ. 1995 జూన్‌లో బెర్ముడా నుంచి బోస్టన్ వెళ్తుంటే జీపీఎస్ యాంటెన్నా తీగ ఊడింది. స్క్రీన్ ఒక మూల చిన్న అక్షరాల్లో ఆ సంగతి చూపిస్తూనే ఉంది. ముప్పై నాలుగు గంటలు ఎవరూ చూడలేదు. పదిహేడు మైళ్లు పక్కకి పోయి నాన్‌టకెట్ దగ్గర ఇసుక మేట ఎక్కింది. 2017 జూన్‌లో నల్ల సముద్రంలోని ఓడల జీపీఎస్‌లు ఓడ విమానాశ్రయంలో ఉందని చూపించాయి. అందుకే నా ఓడల్లో జీపీఎస్, రాడార్, సెక్స్టాంట్ ఒకదాన్నొకటి సరిచూసుకోవాలి అనేవాణ్ణి. ఆకాశం చూసి దారి కనుక్కునే పాఠాన్ని ఆపేసిన అమెరికా నౌకాదళ అకాడమీ దాన్ని 2015లో మళ్లీ పెట్టుకుంది.

ఎవరు కొనాలి? పరీక్షలకు కూర్చునే కాడెట్లు సొంతది కొనుక్కోండి, ఓడలోది మీ చేతికి అలవాటు పడదు. పాతది కొంటే చట్రం, వంపు అంచున మర పట్టుకునే పళ్లు చూడండి. అద్దాలు మార్చుకోవచ్చు, పళ్లు అరిగితే ఏమీ చేయలేం. మన తెలుగు పిల్లలకు ఒక వెసులుబాటు ఉంది. అల్మనాక్, అంటే నావికుల పంచాంగంలో వాడే 57 నక్షత్రాల పేర్లు బట్టీ కొట్టాలని బెంబేలెత్తుతారు. స్పైకా అంటే మన చిత్త, ఆర్క్‌ట్యూరస్ స్వాతి, అల్డెబరాన్ రోహిణి, కెనోపస్ అగస్త్యుడు. పంచాంగం చూసే ఇంట్లో పుట్టినవాళ్లకు సగం చుట్టాలే.

నేను ఇక ఓడలెక్కడం లేదు. శ్రీకాకుళం అబ్బాయి ఇప్పుడు సెకండ్ మేట్. పెట్టె వాడి దగ్గరే ఉంది. ఇండెక్స్ ఎర్రర్ రాసుకునే చీటీ మూత లోపల అంటించి ఉంటుంది, నా చేతిరాత కింద వాడిది మొదలైంది. మొన్న ఫోటో పంపాడు. ఆఖరి వరసలో తేదీ, తప్పు ఎంతో, దాని పక్కన "వాచీ సరిచూశాను సార్" అని ఉంది.