గదికి రంగు వేసే పనిముట్లు: ఏళ్ల వాడకం తర్వాత ఏవి నిలిచాయి?

మా ఇంటి గదులకు రంగులు నేనే వేసుకోవడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. ఇన్నేళ్లలో కొన్న సామానులో సగానికి పైగా చెత్తబుట్ట పాలైంది. మిగిలినవాటిని చూశాక నాకు కుదిరిన లెక్క ఇది: గోడను నేరుగా తాకే రెండు వస్తువుల మీద, అంటే రోలర్ తొడుగు, బ్రష్‌ల మీద డబ్బు పెట్టాలి. మిగతావి చాలావరకు చవకవైనా పని జరిగిపోతుంది.

రోలర్ కొనేటప్పుడు చాలామంది చూసేది పిడిని. గోడ ముఖం తేల్చేది మాత్రం దాని తొడుగు, అందులోనూ నూగు ఎత్తు, అంటే తొడుగు మీది పోగుల పొడవు. పుట్టీ పెట్టి నునుపు చేసిన గోడకు 10 మిల్లీమీటర్ల నూగు సరిపోతుంది. కాస్త గరుకుగా ఉంటే 12, సిమెంటు పూత బయటికి కనిపించే గోడకు 18 నుంచి 20. నునుపు గోడ మీద పొడవాటి నూగు తిప్పితే పని త్వరగా అవుతుంది కానీ, ఆరాక గోడంతా నారింజ తొక్కలా చిన్న చిన్న గుంటలు తేలుతుంది. గరుకు గోడ మీద పొట్టి నూగు తిప్పితే గుంటల్లోకి రంగు దిగదు.

చవక తొడుగుల అసలు రోగం నూగు రాలడం. రాలిన పోగులు తడి రంగులో అతుక్కుని ఆరిపోతే, ఇక ఉప్పుకాగితంతో రుద్ది మళ్లీ పూయవలసిందే. మంచి తొడుగైనా మొదటిసారి వాడే ముందు టేపు చుట్టి లాగేస్తే వదులు పోగులన్నీ దానికే అంటుకుని వచ్చేస్తాయి. నేను ఎక్కువగా వాడింది 9 అంగుళాల మైక్రోఫైబర్ తొడుగు. రంగు బాగా పీలుస్తుంది, చిమ్మడం తక్కువ. లోపం లేకపోలేదు: రంగు అయిపోతోందని గట్టిగా నొక్కితే అంచుల వెంట గీతలు పడతాయి. పదేపదే కడిగాక నూగు అణిగిపోయింది కూడా. ఆ పాతదాన్ని ఇప్పుడు ప్రైమర్‌కు, అంటే రంగు కంటే ముందు వేసే పూతకు మాత్రమే వాడుతున్నాను.

పిడి సంగతి ఒక్క మాటలో: తీగల పంజరం ఉన్నది తీసుకోండి, తొడుగు జారిపోదు. పిడి చివర మర ఉందో లేదో చూడండి. ఆ మరకు పొడవాటి కర్ర బిగించుకుంటే పైకప్పు పనిలో నిచ్చెన ఎక్కి దిగే బాధ చాలావరకు తప్పుతుంది. మెడనొప్పి మాత్రం తప్పదు, దానికి పనిముట్టు ఇంకా దొరకలేదు.

బ్రష్‌కు వస్తే, ఏటవాలుగా కోసిన రెండున్నర అంగుళాలది ఒక్కటి చాలు. నీటితో కలిపే ఎమల్షన్‌కు సింథటిక్ పోగులే కావాలి. జంతువుల వెంట్రుకలతో చేసినవి నీరు తాగి ఉబ్బి, చీపురులా విచ్చుకుపోతాయి. వాటి చోటు నూనె రంగుల దగ్గర. మూలలు, పైకప్పు అంచులు, స్విచ్‌బోర్డుల చుట్టూ ముందు బ్రష్‌తో పట్టీలా వేసి, అది ఆరేలోపే పక్కన రోలర్ తిప్పాలి. గదంతా అంచులు వేసి తీరిగ్గా రోలర్ అందుకుంటే, ఆరిన పట్టీ చుట్టూ ఫొటోకు చట్రం కట్టినట్టు కనిపిస్తుంది. అందుకే నేను ఒక్కో గోడగా ముగిస్తాను.

అన్నీ ఒకే పెట్టెలో పెట్టి అమ్మే సెట్లు మాత్రం వద్దు. వాటిలో వచ్చే ఫోమ్ రోలర్ గోడ మీద బుడగలు లేపుతుంది. విచిత్రం ఏమిటంటే, అదే ఫోమ్ 4 అంగుళాల చిన్న రోలర్‌గా తలుపులకు ఎనామిల్ అనే నూనె రంగు వేసేటప్పుడు చక్కగా పనిచేస్తుంది. ఆ సెట్లలో రంగు పోసుకోవడానికి ఇచ్చే ట్రే కూడా కాలు తగిలితే బోర్లా పడే రకం. పెద్ద గదికి జాలీ పెట్టిన బకెట్ మేలు.

ఉప్పుకాగితంలో అంకె పెరిగేకొద్దీ నునుపు పెరుగుతుంది. పుట్టీ మీద 120, చివరి రుద్దుడుకు 220 పెట్టుకున్నాను. టార్చిని గోడకు ఆనించి పక్కవాటుగా వేస్తే మామూలు వెలుతురులో దాక్కున్న ఎత్తుపల్లాలన్నీ బయటపడతాయి. రుద్దేటప్పుడు దుమ్ము లేస్తుంది కాబట్టి మాస్కు మీద బేరాలు వద్దు. బాగా పాత ఇళ్ల రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి, వాటిని పొడిగా రుద్దనే రుద్దకండి.

రంగు అంటకూడని చోట అంటించే మాస్కింగ్ టేపు స్థానంలో పార్సిళ్లకు అంటించే టేపు వాడితే కింది రంగు కూడా ఊడి వస్తుంది. అసలు టేపునైనా చివరి పూత పూర్తిగా ఆరకముందే మెల్లగా లాగేయాలి. చేయి అలవాటు పడ్డాక గోడ అంచులకు నేను టేపు వాడటం మానేశాను. కిటికీ చట్రాలకు, గచ్చు అంచుకు మాత్రం అంటిస్తాను.

పూతకూ పూతకూ మధ్య రోలర్‌ను ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండా చుట్టి పెడితే కొన్ని గంటలు ఆరదు, మధ్యలో కడిగే పని ఉండదు. ఎమల్షన్ అయితే పని ముగియగానే నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి నిలబెట్టి ఆరబెడతాను. ఎనామిల్ తొడుగును శుభ్రం చేయాలంటే దాని ధరకు మించిన టర్పెంటైన్ పోయాలి. అందుకే ఎనామిల్‌కు చవక ఫోమ్ తొడుగులు కొని, పని కాగానే పారేస్తున్నాను.