తాబేళ్ల కోసం 140 కిలోమీటర్లు, అద్దె సైకిల్ మీద

ముందే చెప్పేస్తున్నా, ఈ అద్దె షాపు సైకిల్‌కి 5కి 4 ఇస్తా, సర్వీస్‌కి 2. ఆ 2 కూడా షాపు ఓనర్ ఫోన్ ఎత్తాడు కాబట్టి.

మేం ఏడుగురం ఫిబ్రవరిలో వైజాగ్ ఆర్కే బీచ్ నుంచి కళింగపట్నం దాకా రైడ్ పెట్టుకున్నాం, భీమిలి మీదుగా, సుమారు 140 కిలోమీటర్లు. ఆలివ్ రిడ్లే తాబేళ్ల కోసం అన్నమాట. సీజన్‌లో రాత్రుళ్లు ఒడ్డు వెంట నడిచి గూళ్లు వెతికి, ఒక్కో గూట్లో వంద దాకా ఉండే గుడ్లని కుక్కల నోట్లో పడకుండా హేచరీకి, అంటే గుడ్లు పొదిగేదాకా కాపలా కాసే చోటుకి చేర్చే కుర్రాళ్లుంటారు కదా, వాళ్లకి ఎర్ర లైటు టార్చీలు కొనివ్వాలని తెలిసినవాళ్లందరి దగ్గరా కిలోమీటరుకి ఇంత అని రాయించుకున్నాం. తెల్ల లైటు పడితే ఒడ్డెక్కిన తల్లి తాబేలు బెదిరిపోయి గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోతుంది, ఎర్ర లైటైతే అంత ఇబ్బంది పడదు. మా బావ కిలోమీటరుకి 20 రాసి, నువ్వు భీమిలి దాటవులే అన్నాడు, అదీ ఆయన ధైర్యం.

నా సైకిల్‌కి గేర్లు లేవు, దాంతో హైవే ఎక్కడం జరిగే పని కాదు, అందుకే ఈ షాపులో హైబ్రిడ్, అంటే రోడ్డు మీదా మట్టి దారిలోనూ నడిచే గేర్ల సైకిల్ తీసుకున్నా. రోజుకి 600, డిపాజిట్ 3000, ఆధార్ జిరాక్స్. సైకిల్ మాత్రం నీట్‌గా పెట్టారండీ, చైన్‌కి ఆయిల్ పట్టించి, బ్రేకులు కొత్తవి వేసి ఇచ్చారు. రుషికొండ దాటాక ఆ ఎత్తుపల్లాల్లో గేరు ఒక్కసారి కూడా జారలేదు, తెల్లారేసరికి ఎర్రమట్టి దిబ్బల దగ్గరున్నాం. ముందు లైటు కూడా ఫ్రీగానే ఇచ్చారు, వెలుగు తగ్గించుకునే బటన్ ఉంది, బీచ్ రోడ్డు మీద చీకట్లో మాకు అదే కావాల్సింది.

సీటు దగ్గరే తేడా కొట్టింది. జెల్ సీటు సార్, సోఫాలా ఉంటది అన్నాడు షాపబ్బాయి, నేనూ నొక్కి చూసి మురిసిపోయా. సోఫా మీద నాలుగ్గంటలు తొక్కితే తెలుస్తుంది, మెత్తటి సీట్లో మనిషి కూరుకుపోయి ఒత్తిడంతా తగలకూడని చోట తగుల్తుంది, తగరపువలస దాటి హైవే ఎక్కేసరికి నేను పెడల్స్ మీద లేచి నిలబడి తొక్కుతున్నా. దూరం వెళ్లేవాళ్లు కాస్త గట్టి సీటే అడగండి, ప్యాడ్ ఉన్న షార్ట్స్ వేసుకోండి, చాలు.

ఇక అసలు గొడవ. పైడిభీమవరం దగ్గర వెనక టైరు పంక్చర్. లారీ టైర్లు పేలినప్పుడు అందులోంచి సన్న ఇనప తీగ ముక్కలు రోడ్డు పక్కన పడి ఉంటాయి, సైకిళ్లు పోయేది ఆ పక్కనే కదా. నా దగ్గర ప్యాచ్‌లున్నాయి, కానీ పక్కనే పంక్చర్ షాపు కనపడితే ఇంకేం అని అక్కడికే తోసుకెళ్లా. ఆయన పది నిమిషాల్లో ప్యాచ్ వేసేశాడు, గాలి కొట్టబోయి ఆగిపోయి, "ఏటి బాబూ, సూదిలాగుందిది, దీనికి గాలెలాగ కొడతారు?" అన్నాడు. చూస్తే అది ప్రెస్టా వాల్వ్, సన్నగా ఉండే సైకిల్ రకం. మన పంక్చర్ షాపుల నాజిల్ మోటార్‌సైకిల్ వాల్వ్‌కి పట్టేది, దీనికి పట్టదు. షాపువాళ్లు కిట్‌లో పెట్టిన పంపు కూడా ఆ రకమే! వాళ్ల సైకిల్‌కే పట్టని పంపు వాళ్లే పెట్టారంటే ఏమనాలి.

ఫోన్ చేశా. కిట్‌లో అడాప్టర్ ఉంటది, వాల్వ్‌కి బిగిస్తే మామూలు పంపు పడుతుంది చూడండి సార్ అన్నాడు ఓనర్. కిట్ మొత్తం నేల మీద గుమ్మరించి లేదన్నా. అయితే మర్చిపోయాం సార్ అన్నాడు, అంతే. వెనక వస్తున్న మావాడొకడు చేరేదాకా ఎండలో నలభై నిమిషాలు కూర్చున్నా, వాడి పౌచ్‌లో చిటికెన వేలి గోరంత ఇత్తడి ముక్క ఉంది, అది బిగించగానే రెండు నిమిషాల్లో గాలెక్కింది. పంక్చరాయన ఆ ముక్కని అటూ ఇటూ తిప్పి చూసి గాలికి డబ్బులు వద్దన్నాడు.

కళింగపట్నం లైట్‌హౌస్ దగ్గరికి సాయంత్రం నాలుగున్నరకి చేరాం, బావకి ఫొటో పెట్టా, 2800 పంపాడు పాపం, కిక్కురుమనకుండా.

మర్నాడు సైకిల్ తిరిగిస్తే ట్యూబ్‌కి ప్యాచ్ పడిందని డిపాజిట్‌లో 150 కోసుకున్నారు. అడాప్టర్ మీరు మర్చిపోయారు కదా అంటే, అది వేరు ఇది వేరు సార్ అన్నారు. కాసేపు వాదిస్తే 100 వెనక్కిచ్చారు.

మళ్లీ తీసుకుంటానా అంటే తీసుకుంటా, ఈ రేటుకి ఇంత మంచి కండిషన్‌లో హైబ్రిడ్ నాకింకెక్కడా దొరకలేదు. కాకపోతే ఈసారి సీటు నాది పట్టుకెళ్లి అక్కడే మార్పించుకుంటా, అడాప్టర్ ఆల్రెడీ తాళంచెవుల గుత్తికి తగిలించేశా. మీరు వెళ్తే మాత్రం షాపు గుమ్మం దాటకముందే వాళ్ల పంపుతో వాళ్ల టైరుకి గాలి కొట్టి చూపించమనండి. ఆదివారం ఒంటిగంటకే మూసేస్తారు, తిరిగివ్వడానికి అది చూసుకుని వెళ్లండి.